బీదరు నుంచి జాలీ

గెలిచినవాడికి శిక్ష వేసే ఆట ఎక్కడైనా ఉంటుందా? పాతబస్తీలోని దబీర్‌పురాలో ఉంది మరి! అక్కడ దేవిడీ అని పిలిచే పాత బంగళా ఆవరణలో, ఎర్రమట్టి కోర్టు మీద, ఏటా చలికాలంలో టెన్నిస్ టోర్నమెంటు జరుగుతుంది. గెలిచినవాడికి చెంబంత కప్పు ఇస్తారు, మెడలో దండ వేస్తారు, గోడకున్న చెక్కబోర్డు మీద పేరు రాస్తారు. అంతవరకూ బాగానే ఉంటుంది. మరుసటి ఏడు ఆటలు మొదలవ్వాలంటే మాత్రం ఆ గెలిచినవాడే బీదరు వెళ్ళి, కోర్టుకి కట్టే వలని సైకిల్ మీద తీసుకురావాలి. ఒక్కడే రావాలి, ఒక్క పగట్లో రావాలి, మగ్‌రిబ్ అజా, అంటే పొద్దుగుంకే వేళ నమాజు పిలుపు, వినబడేలోగా దేవిడీ గేటు దాటాలి. ఆ వలని ఇక్కడ అందరూ జాలీ అంటారు.

ఇన్నేళ్ళూ గెలిచినవాళ్ళు మీసాలు అప్పుడప్పుడే వస్తున్న కుర్రాళ్ళు. నూట నలభై కిలోమీటర్లు వాళ్ళకో లెక్కా? పోయినేడు గెలిచింది ఫణి. ఆడిట్ ఆఫీసులో ఉద్యోగం, తెనాలి వైపు మనిషి. వయసు యాభై దాటింది, పొట్ట బెల్టు దాటింది. పరుగెత్తడం ఆయనకి చేతకాదు గానీ, బంతిని జాలీ అవతల పుటుక్కున రాల్చడం బాగా వచ్చు. కుర్రాళ్ళు ఉరికొచ్చి, బోర్లా పడి, దుమ్ము దులుపుకుంటూ ఓడిపోయారు. ఆ వారమంతా ఫణి కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆ తర్వాత బీదరు గుర్తొచ్చింది.

ఈ ఆచారం ఎలా పుట్టిందో మొహల్లాలో ఎవర్నడిగినా చెబుతారు. దేవిడీ ఇప్పటి యజమాని షఫీఉద్దీన్. అఫ్జల్‌గంజ్‌లో సైకిల్ సామాను దుకాణం ఆయనది. వాళ్ళ నాన్న మునీరుద్దీన్ కుర్రతనంలో ఏదో పెద్ద క్లబ్బులో సున్నంతో గీతలు గీసేవాడు, బంతులు ఏరేవాడు. రాకెట్ మాత్రం ముట్టుకోనిచ్చేవారు కాదు. ఒకరోజు ఆయనకి ఒళ్ళు మండి, మా మొహల్లా వాళ్ళం మా కోర్టులోనే ఆడతాం పొమ్మని, దేవిడీ ఆవరణ చదును చేసి టోర్నమెంటు పెట్టాడు. తీరా ఆటలు దగ్గరపడ్డాక జాలీని మేకలు నమిలేశాయి. ఆయన అత్తవారిది బీదరు. బావమరిది అక్కడి క్లబ్బులో పనిచేసేవాడు. మునీరుద్దీన్ సైకిలెక్కి బీదరు వెళ్ళి, పాత జాలీ ఒకటి అడిగి, క్యారియర్‌కి కట్టుకుని తిరిగి సైకిల్ మీదే వచ్చాడు. జనం భుజాలకెత్తుకుని ఊరేగించి, చెక్కబోర్డు మీద మొట్టమొదట ఆయన పేరే రాశారు. అప్పట్నుంచి ఆటలైపోగానే జాలీ బీదరు వెళ్ళిపోతుంది (రోజువారీ ఆటకి ఇంకో వల ఉంది), ఏడాది తిరిగేసరికి సైకిల్ మీద వస్తుంది.

ఒక్కడే ఒక్కడు తప్పాడు. ప్రహ్లాద్ అని, లాడ్ బజార్‌లో గాజుల దుకాణం ఆయనది. గెలిచిన మరుసటి ఏడు జాలీతో వస్తూ దారిలో బస్సెక్కాడు. ఎవరో చూశారు. మునీరుద్దీన్ అప్పటికింకా బతికే ఉన్నాడు, ఏమీ మాట్లాడలేదు. మిగతావాళ్ళే బోర్డు మీద ప్రహ్లాద్ పేరుకి నల్లరంగు పూసేశారు. ఆయన మళ్ళీ దేవిడీ గేటు తొక్కలేదు. ఆ గల్లీలోంచి నడిచేవాడే కాదు, చుట్టు తిరిగి పోయేవాడు. ఫణి ఆ నల్లమచ్చని రోజూ చూస్తూనే ఉన్నాడు.

అందుకే నెల రోజుల ముందునుంచీ సైకిల్ తొక్కడం మొదలెట్టాడు. ఆడిటరు బుర్ర కదా, ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం, ఎక్కడ చాయ్, అన్నీ లెక్క వేసుకున్నాడు. గాలిని మాత్రం మరిచిపోయాడు.

ముందురోజే సైకిల్ని బస్సు మీద వేసుకుని బీదరు చేరాడు. అక్కడ జాలీ ఉండేది మునీరుద్దీన్ అత్తవారింట్లోనే. ఆ ఇంటివాళ్ళు తెల్లవారకముందే రొట్టె, కూర పెట్టి, మడిచిన జాలీని తెల్లటి గుడ్డలో మూటగట్టి చేతికిచ్చారు. జహీరాబాదు దాకా ఫణి పాటలు పాడుకుంటూ తొక్కాడు. ఆ తర్వాత మొదలైంది ఎదురుగాలి. అబ్బ, ఏం గాలండీ అది! పెడల్ తొక్కుతుంటే సైకిల్ వెనక్కి పోతున్నట్టే ఉంది. సదాశివపేట దాటే చోట కుడి పిక్క పట్టేసింది. దిగి రుద్దుకున్నాడు, మళ్ళీ ఎక్కాడు. ఎడమ పిక్క పట్టేసింది. ఈసారి దిగలేదు, సైకిల్‌తో సహా రోడ్డు పక్కన పడ్డాడు.

ఆ పడుకున్నవాడు పడుకున్నట్టే భార్యకి ఫోన్ చేశాడు.

"ఏవండీ, ఎక్కడున్నారు?" అంది సుచరిత.

"గడ్డిలో ఉన్నాను."

"గడ్డిలో ఏం చేస్తున్నారు? దెబ్బ తగిలిందా? ఏదో ఒక బండెక్కి వచ్చేయండి, మీకు దణ్ణం పెడతాను!"

"బండెక్కితే పేరు కొట్టేస్తారే!"

"పేరు పోతే పోయింది. మనిషి ఇంటికి రండి ముందు."

సుచరితకేం, అలాగే అంటుంది. ఆఫీసులో అందరికీ ఆయన సార్. అపార్టుమెంటులో ఆంధ్రా ఆయన. ఇరవయ్యేళ్ళ నుంచీ ఈ ఊళ్ళో ఆయన్ని ఫణి భాయ్ అని పిలిచేది ఆ కోర్టు ఒక్కటే. ఆ పిలుపు పోతే సాయంత్రాలు ఎక్కడికెళ్ళాలి? ఫణికి నిజంగానే ఏడుపొచ్చింది. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని కాసేపు ఏడ్చాడు కూడా.

అప్పుడే డీసీఎం వ్యాను ఒకటి వచ్చి ఆగింది. డ్రైవరు బసవయ్య, జహీరాబాదు మనిషి. బేగంబజారుకి అల్లం బస్తాలు తోలుకెళ్తున్నాడు.

"ఏంది సార్, గిట్ల పన్నవు? పానం మంచిగ లేదా?"

"కాళ్ళు పట్టేశాయి బాబూ."

"గిదేం వయసు సార్ నీకు, సైకిల్ తొక్కనీకె? ఎక్కు, ఎక్కు. అఫ్జల్‌గంజ్ కాడ దింపుత."

వద్దని చెప్పడానికే ఫణి నోరు తెరిచాడు. బసవయ్య అప్పటికే సైకిల్ ఎత్తి బస్తాల మీద పడేశాడు. చేయి పట్టుకుని లేపితే ఫణి లేచాడు, ఎక్కించితే ఎక్కాడు. ముందు సీట్లో ఇంకెవరో ఉన్నారు కనక అల్లం బస్తాల మధ్యే, జాలీ మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కాళ్ళకెంత హాయిగా ఉందో మనసుకంత నరకంగా ఉంది.

మూసీ ఒడ్డున దిగాక, మరీ తొందరగా వెళ్తే అనుమానం వస్తుందని హోటల్లో కూర్చుని చాయ్ మీద చాయ్ తాగాడు. పొద్దు వాలుతుండగా సైకిలెక్కి గల్లీలోకి తిరిగాడు.

ఇక చూడండి! పిల్లలు కేకలు, పెద్దలు చప్పట్లు, మేడల మీంచి పూలు. "ఫణి భాయ్! ఫణి భాయ్!" షఫీఉద్దీన్ ఎదురొచ్చి, సైకిల్ దిగకముందే మెడలో దండ వేసి కౌగిలించుకున్నాడు.

"కమాల్ చేసినవ్ భాయ్! నువ్వు సంగారెడ్డి కూడ దాటవని పందెం కట్టిండ్రు వీళ్ళంత. మా అబ్బా ఉంటే ఎంత ఖుష్ అయ్యేటోడో!"

ఫణి తల ఊపి, క్యారియర్ మీది మూట దించాడు.

జాలీ మూటని మొదట విప్పేది షఫీ తల్లి అజ్మతున్నీసా. అదీ ఆచారమే. మోకాళ్ళ నొప్పులతో ఆమె వరండాలో కుర్చీ దిగదు. మూట ఆమె ఒళ్ళో పెట్టారు. ముడి విప్పింది. జాలీ మడతల్లో ఏటా ఉండేట్టే జామపండ్లు ఉన్నాయి, సగం నలిగిపోయి. ఆమె ఒక పండు ముక్కు దగ్గర పెట్టుకుని ఆగింది. మళ్ళీ వాసన చూసింది. ఆ తర్వాత ఫణి వైపు చూసింది.

"జామపండు అల్లం వాసన కొడుతుంది బేటా."

ఆమె ఇంకేమీ అడగలేదు. ఆయన కావాలంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ మెడలో దండ ఉంది, ఎదురుగా బోర్డు మీద ఆ నల్లమచ్చ ఉంది. దండ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"సదాశివపేట దగ్గర డీసీఎం ఎక్కానండీ. అల్లం బస్తాల మీద కూర్చుని వచ్చాను. కాళ్ళు పట్టేశాయి. అయినా ఎక్కకుండా ఉండాల్సింది. నా పేరు కొట్టేయండి షఫీ భాయ్."

ఒక్కసారిగా లొల్లి లేచింది. సైకిల్ మీద తేవాలె గాని లారీ ఏందన్నారు కొందరు. పెద్దమనిషి, ఇడిచిపెట్టుండ్రి అన్నారు కొందరు. షఫీ మొహం నల్లబడింది. ఆయనకి ఫణి అంటే ప్రాణం. తండ్రి మాట అంతకన్నా ఎక్కువ.

"నాకు మస్తు బాధైతుంది భాయ్. కానీ ప్రహ్లాద్ భాయ్‌కి ఒక న్యాయం, నీకొక న్యాయం ఎట్లయితది? మా అబ్బా బీదర్ కెళ్ళి సైకిల్ మీదనే తెచ్చిండు గద!" అంటూ గోడ వైపు నడిచాడు. ఎవరో రంగు డబ్బా కూడా తెచ్చిపెట్టారు. ఇలాంటి వాటికి మాత్రం జనం ఎంత చురుగ్గా ఉంటారో!

"మీ అబ్బా తేలే" అంది అజ్మతున్నీసా.

షఫీ వెనక్కి తిరిగాడు. "ఏందమ్మీ?"

"జాలీ మీ అబ్బా తేలే. నేను తెచ్చిన."

ఆమె జామపండుని కొంగుతో తుడుచుకుంటూ చెప్పుకొచ్చింది.

"నాకు గప్పుడు పెండ్లయి ఏడాది కూడ కాలే. అమ్మగారింటికి పోయి నెల దాటింది. ఈయన ఉండలేకపోయిండు. పెండ్లాం కోసం పోతున్న అంటే దోస్తులు నవ్వుతరని, జాలీ కోసం పోతున్న అన్నడు."

"అయితే మేకలు?" అన్నాడు షఫీ, ఏమనాలో తెలియక.

"మేకలు నమిలింది నిజమే. గా మేకలకు నేను బీదర్ల కూసోని దువా చేసిన" అని నవ్విందామె. "పొయ్యేటప్పుడు సైకిల్ మీదనే పొయ్యిండు, గది కూడ నిజం. వచ్చి మా ఇంటి గడప మీద పడ్డడు. రెండు రోజులు లేవలే. వాపస్ వచ్చేటప్పుడు సైకిల్‌ని రైలుల ఏసిండ్రు. నాంపల్లిల దిగినం. ఆయన సైకిలెక్కిండు, నేను రిక్షా ఎక్కిన. బీదర్ కెళ్ళి నాంపల్లి దాకా, నాంపల్లి కెళ్ళి ఈ గల్లీ మలుపు దాకా జాలీ నా ఒళ్ళెనే ఉండె. మలుపు కాడ రిక్షా ఆపి, తీస్కొని క్యారియర్‌కు కట్టుకుండు. దోస్తులు ఉరికొచ్చిండ్రు. సైకిల్ మీదనే వచ్చినవా అని వాళ్ళే అడిగిండ్రు, ఔనని వాళ్ళే అనుకుండ్రు. ఈయన నోరు తెరువలే, గంతే."

షఫీ కోర్టు గట్టు మీద కూలబడ్డాడు. "ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే అమ్మీ?"

"ఆయన ఉన్నన్ని రోజులు ఆయన ఇజ్జత్ నా చేతుల ఉండె. ఆయన పోయినంక నా లాలచ్, నా ఆశ. నిజం తెలిస్తే బీదర్‌కు ఎవ్వడు పోతడు? మా ఇంటి జామపండ్లు నాకెవ్వడు తెస్తడు?" ఆమె గోడ మీది బోర్డు వైపు చూసింది. "కానీ ఆ ప్రహ్లాద్ పేరు మీద రంగు పూసిన రోజు మీ అబ్బా అన్నం తినలే. నేనూ తినలే. గయినా ఊకున్నం. ఇయ్యాల ఇంకో పిలగాని పేరు మీద పూస్తరా? పొయ్యి ప్రహ్లాద్‌ను తోల్కరా, పో."

యాభై దాటిన ఫణిని ఆమె పిలగాడన్నందుకు ఎవరికీ నవ్వు రాలేదు. ఫణికి మాత్రం గుండెల మీంచి బస్తా దించినట్టయింది. అక్కడే నేల మీద కూర్చుని, చాచిన కాళ్ళు చూసుకుంటూ గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

షఫీ ఫణి తెచ్చిన సైకిలే తీసుకుని వెళ్ళాడు. అజా అయ్యి, లైట్లు వెలిగాక తిరిగొచ్చాడు. వెనక క్యారియర్ మీద, తెల్లటి జుట్టుతో, చేతులకింకా గాజుల పెట్టెల దుమ్ముతో ప్రహ్లాద్. గేటు దగ్గర దిగి లోపలికి అడుగుపెట్టకుండా నిలబడ్డాడు.

"లోపటికి రా ప్రహ్లాద్" అంది అజ్మతున్నీసా. "పేరు కొట్టెయ్యాలంటే మొదలు మా ఇంటాయన పేరు కొట్టెయ్యాలె. మమ్మల్ని మాఫ్ చెయ్యి."

ప్రహ్లాద్ గేటు ఊచ పట్టుకుని చెప్పాడు.

"సదాశివపేట దాటినంక అమ్మీ... గాడ ఏం గాలి, ఏం గాలి! కాళ్ళు రెండు పట్టేసినయ్."

"సరిగ్గా అక్కడేనండీ!" అంటూ ఫణి లేవబోయి, పిక్క పట్టేసి మళ్ళీ కూలబడ్డాడు. "రోడ్డు పక్కన గడ్డి ఉంటుంది చూడండి..."

"ఔ! నేను గూడ గా గడ్డిలనే పన్న!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వారు. ఆ నవ్వులో ప్రహ్లాద్ ఎప్పుడు గేటు దాటి లోపలికొచ్చాడో ఆయనకే తెలియదు. ఎవరో కిరసనాయిలు గుడ్డతో బోర్డు మీది నల్లరంగు రుద్దడం మొదలుపెట్టారు. షఫీ, ప్రహ్లాద్ చెరో గుంజ దగ్గర నిలబడి జాలీ బిగించారు. కోర్టంతా అల్లం వాసన.

"వచ్చే ఏడు ఎవరు గెలిచినా సరేనండీ, జాలీ రైల్లోనే తెద్దాం" అన్నాడు ఫణి. "అమ్మీ, మీరూ రావాలి. నాంపల్లిలో నేనే ఎక్కిస్తాను. మీ ఇంటికెళ్ళి మీ చేత్తోనే కోసుకుందురు గాని జామపండ్లు."

అజ్మతున్నీసా తన మోకాళ్ళ వైపు చూసుకుంది, కోర్టుకి అడ్డంగా బిగిసిన జాలీ వైపు చూసింది.

"వస్త" అంది. "కానీ వాపస్ వచ్చేటప్పుడు జాలీ నా ఒళ్ళె పెట్టాలె. మలుపు కాడ ఎవ్వరికీ ఇయ్య."