కాలేయాలు మోసిన ఐసు పెట్టె

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, తల్లీ. మూత పగిలినదాన్ని, నా గొంతు దూరం పోదు.

నేను ఒక ఐసు పెట్టెను. నాతోపాటు ఒకే అచ్చులో పుట్టిన తోబుట్టువులు విశాఖ రేవుకు పోయి వంజరం చేపలు మోశారు. నేను ఆసుపత్రికి పోయి మనుషుల కాలేయాలు మోశాను. వాళ్ళు రోజూ నిండేవారు. నేను మాత్రం నెలల తరబడి దమయంతి గారి బల్లకింద ఖాళీగా పడి ఉండేదాన్ని. పోయినవాళ్ళ ఇంటివాళ్ళతో అవయవదానం మాట మాట్లాడటమే ఆవిడ ఉద్యోగం. పోయేటప్పుడు ఏదీ వెంట రాదని మనుషులు పాడుకుంటారు కదా, కాలేయం మాట ఎత్తేసరికి పిడికిలి బిగిస్తారు!

చేపలమ్మే పైడమ్మకు ఒక కాలేయం దొరికిన రోజు నాకు బాగా గుర్తు. తన కాలేయాన్ని తన ఒళ్ళే తినేసే రోగం ఆమెది. కళ్ళు పసుపుముద్దల్లా ఉన్నాయి. దాన్ని మోస్తున్న నన్ను ఆపరేషను గదిలోకి తీసుకుపోతుంటే ఆమె మొగుడు దానయ్య అడ్డం తిరిగాడు.

"ఆగండమ్మా! ఐసు మీద నేరుగా ఎట్టీసినారేటి? కాలిపోద్ది!"

నవ్వకండి. ఐసు నేరుగా తగిలితే చేప పాడవుతుందని పుట్టినప్పటినుంచీ ఎరిగినవాడు. మూడు సంచుల్లో చుట్టామని, ఐసు తగలదని దమయంతి గారు ఒట్టేసి చెబితేగాని దారి వదలలేదు.

ఆరేళ్ళు పైడమ్మ ఒక్క మాత్ర తప్పలేదు. అయినా రోగం వెతుక్కుంటూ వచ్చి కొత్త కాలేయాన్నీ పట్టుకుంది. మళ్ళీ జాబితాలో పేరు, మళ్ళీ ఎదురుచూపు. పేటలో ఎవరో అన్నారట, ఒకటి తినేసి రెండోదానికి నోరు తెరిచిందని.

"తెరుత్తాను. నాలుగోదానికైనా తెరుత్తాను. బతకడానికి సిగ్గేటి?" అంది పైడమ్మ దమయంతి గారితో, నా మీదే చెయ్యి ఆనించి.

ఆ వారమే అదే పేటలోని ఎర్రయ్యమ్మ కొడుకు పడవ మీదనుంచి జారి గట్టుకు తల కొట్టుకున్నాడు. మెదడు చచ్చిపోయింది, ఊపిరి యంత్రానిది. దమయంతి గారు మాట ఎత్తగానే కులపెద్ద లేచాడు. కోసిన ఒంటిని కడలితల్లి గంగమ్మ ఒప్పుకోదన్నాడు. కబురు విని పైడమ్మ వచ్చింది.

"నా ఒళ్ళు కొయ్యలేదేటి? ఆరేళ్ళనుంచి గంగలో మునుగుతున్నాను. తోసీలేదే!"

"నీ సోర్థానికి వొచ్చినావు," అన్నాడు పెద్ద.

"ఆడి రగతం నాకు పడదు. డాక్టరమ్మనడుగు. నాది కానిదానికోసమే వొచ్చినాను."

ముందుజాగ్రత్తగా ఐసు నింపి నన్ను ఆ గదిలోనే ఉంచారు, ఎర్రయ్యమ్మ మెల్లగా వచ్చి నా మూత తీసింది. లోపల చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకుంది.

"ఇంత సల్లగుందేటి? నా గుంటడికి సలి పడదే."

పైడమ్మ ఎర్రయ్యమ్మ తడిచేతిని తన చేతుల్లోకి తీసుకుంది. "మూడు సంచుల్లో సుడతారప్పా. ఐసు తగల్దు. నాకు తెచ్చినప్పుడు మా ఇంటాయన అడిగీసినాడు."

ఎర్రయ్యమ్మ తల ఊపింది. ముక్కూముఖం తెలియని ఎవరికో ఆ కాలేయాన్ని మోసుకుపోయాను.

తరువాత నా మూత పగిలింది. పాత సామాన్లలో పడేస్తుంటే పైడమ్మ అడిగి తెచ్చుకుంది. పచ్చిచేప ముట్టవద్దన్నారు డాక్టర్లు, అందుకని రేవులో నా నిండా మజ్జిగ పొట్లాలు పెట్టుకుని అమ్ముతోంది. మెడలో ఫోను వేలాడుతూ ఉంటుంది. ఆసుపత్రి పిలుపు ఇంకా రాలేదు. ఒక్కోరోజు కాళ్ళు వాస్తాయి, అయినా రేవుకు వస్తుంది. మజ్జిగకు వచ్చినవాళ్ళను అడగకుండా వదలదు, "పోయినాక ఏటి సేత్తావు నీ కాలేయం? ఇంట్లో సెప్పీసినావా?" అని. కొందరు తిడతారు. ఎర్రయ్యమ్మ మాత్రం రోజూ వచ్చి ఒక పొట్లం తాగి, నా మూత తనే మూసి వెళుతుంది.

ఈ కథ మరిచిపోకండి, తల్లీ. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చున్నప్పుడు మీవాళ్ళకు చెప్పండి. ఐసు తగలదని కూడా చెప్పండి.