కింది ఊరి వంతు

నేను మంత్రిగారి పీఏని. అంటే మంచి జరిగితే ఆయన ఖాతా, చెడు జరిగితే నా ఖాతా. పదకొండేళ్లు ఈ ఉద్యోగం చేశాను కాబట్టి చెప్తున్నాను, సోమన్నంత మొండి మనిషి రాజకీయాల్లో ఉండకూడదు. ఉన్నా ఆయనకు నీటిపారుదల శాఖ అస్సలు ఇవ్వకూడదు.

ఆయన రాజకీయం మొదలైందే కాలువ గట్టు మీద. సొంతూరు త్రిపురారం అవతల, గొర్లు కాసే ఇల్లు. ఇరవై నాలుగేళ్ల వయసులో, కింది ఊళ్లకు నీళ్లు పోవాలని అధికారులు తమ ఊరి తూము మూసేస్తే, రాత్రికి రాత్రి ఆ షటర్ కింద నాలుగు బండరాళ్లు పెట్టించాడు. పైనుంచి చూస్తే తాళం వేసే ఉంటుంది. కింద మూరెడు సందులోంచి నీళ్లు పారుతూనే ఉంటాయి. ఊరు ఊరంతా ఆయన్ని భుజాల మీద ఎత్తుకుంది. ఆ పేరుతోనే సర్పంచ్ అయ్యాడు, జెడ్పీటీసీ అయ్యాడు. ఎమ్మెల్యేగా రెండుసార్లు నిలబడి రెండుసార్లూ ఓడాడు. మూడోసారి అక్క నాంచారమ్మ మండలమంతా ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్లకు బొట్టు పెట్టి "మా తమ్మునికి ఒక్క ఓటు" అని అడిగింది. గెలిచాడు. నాలుగోసారీ గెలిచి మంత్రి అయ్యాడు.

ఆయన మంత్రిగా ఉండగా ఒక యాసంగిలో, అంటే రబీ పంటకాలంలో, సాగర్‌లో నీళ్లు తక్కువ. ఎనిమిది రోజులు పై ఊళ్లకు, ఎనిమిది రోజులు కింది ఊళ్లకు అని ప్రభుత్వం వంతులు పెట్టింది. సూర్యాపేట కలెక్టరేట్‌లో సమీక్ష జరుగుతోంది. "పై తూములన్నీ మూసి మూడు రోజులైంది సార్" అని ఇంజినీరు ధీమాగా చెప్పాడు. గేటు బయట మాత్రం కాలువ దిగువన చిలుకూరు దగ్గరి తండా నుంచి వచ్చిన చాందీ అనే రైతు, వడలిపోయిన వరి దుబ్బు పట్టుకుని పొద్దుటి నుంచీ నిలబడి ఉంది. పొమ్మంటే పోవడం లేదని తెలిసి మంత్రి ఆమెను లోపలికి పిలిపించాడు.

"పొట్టకొచ్చిన వరి సారు. ఇంకో నాలుగొద్దులు గిట్లనే ఉంటే పశువులకు ఇడుసుడే. మా వంతు మొదలై మూడొద్దులాయె, కాల్వల సుక్క లేదు" అందామె.

ఆయన ఇంజినీరును ఒకే ఒక్క మాట అడిగాడు. "షటర్ కింద సూసిర్రా?"

ఇంజినీరు ఫైలు తిరగేశాడు. ఫైల్లో ఏం కనపడుతుంది, నా తలకాయ? మంత్రి లేచి కారెక్కి, సొంతూరికి పోనీయమన్నాడు.

"సార్, చిలుకూరు కోదాడ నియోజకవర్గం" అన్నాను దారిలో. "గాడ మనకు ఒక్క ఓటు లేదు. మూసేదేమో మనూరి తూము. తొమ్మిది నెలలల్ల ఎలక్షన్లు."

"తెలుసు భాస్కర్."

"పోలీసులను పంపుదాం. మీరు పోవద్దు."

"ఆ రాళ్లు పెట్టుడు ఊరికి నేర్పింది నేను. తీసుడు కూడా నేనే తీయాలె."

కారు మిర్యాలగూడ దాటింది.

మేం వెళ్లేసరికి ఊరంతా గట్టు మీదే ఉంది. అందరికన్నా ముందు నాంచారమ్మ.

"జర జరుగు అక్కా."

"ఎందుకు జరగాలె? ఈసారి ఆలస్యంగ నాటినం. ఇంకొక్క తడి లేకుంటే నా మూడెకరాలు తాలు పోతది. నీకు తెల్వదా?"

"తెలుసు. కని మన వంతు ఖతమైంది."

"నువ్వు లీడరువైందే ఈ తూము కాడ. ఇప్పుడు నీకు వంతులు యాదికొచ్చినయా?"

"అప్పుడు నేను చేసింది తప్పు అక్కా. ముప్పై ఏండ్ల సంది కిందోళ్ల నోటికాడి బువ్వ తింటున్నం."

నాంచారమ్మ పక్కకు జరిగింది. "అయితే దిగు. దిగినవంటే నా ఓటు నీకు పడదు. ఊరందరి ముందట చెప్తున్న."

ఆయన కండువా నా చేతికిచ్చి, పంచె ఎగ్గట్టి, తూము దిగువన నడుం లోతు నీళ్లలోకి దిగాడు. గన్‌మెన్లు దిగబోతే వద్దన్నాడు. గేటు చూసుకునే లస్కర్ చక్రం తిప్పి షటర్‌ను కొంచెం పైకి లేపితే, ఆయన మునిగి ఒక్కో రాయీ తీసి గట్టు మీద పెట్టాడు. నాలుగో రాయి వచ్చాక షటర్ దిగి అడుగుకు ఆనింది. నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, గర్వమూ కలిగింది. ముందు వచ్చింది మాత్రం కోపమే.

ఒకప్పుడు ఆయన్ని చూసే రాళ్లు పెట్టడం నేర్చుకున్న మిగతా పై ఊళ్ల వాళ్లు ఆ సంగతి విని తమ రాళ్లు తామే తీసేసుకున్నారు. మూడో రోజుకు చిలుకూరు పొలాలకు నీళ్లందాయి. నాంచారమ్మ మూడెకరాల్లో సగం తాలు పోయింది. డిసెంబరులో సోమన్న పదకొండు వందల ఓట్ల తేడాతో ఓడిపోయాడు. అందులో ఎక్కువ ఓట్లు ఆయన సొంతూరి పోలింగ్ కేంద్రాల్లోనే పోయాయి. ఆ మాట చెప్తే "సరే" అని ఊరుకున్నాడు.

మర్నాడు మిర్యాలగూడ ఇంట్లో కుర్చీలన్నీ ఖాళీ. నిన్నటిదాకా కాళ్లు మొక్కినవాళ్లు ఒక్కరూ రాలేదు. రెండు బస్సులు మారి చాందీ మాత్రం వచ్చింది.

"మీరు ఆ రాళ్లు తీసినంక మా వరి చేతికొచ్చింది సారు. మీకు ఓటేద్దామంటే మా మిషన్ల మీ పేరే ఉండదాయె. ఉంటే తండ మొత్తం మీకే గుద్దేటోళ్లం."

అప్పటికే నాంచారమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. తొమ్మిది నెలలుగా తమ్ముడితో మాట్లాడని మనిషి.

"ఈమెకు ఎయ్యాలనుంటే పేరు లేకపాయె" అంది. "నాకు పేరుండె. నేనే ఎయ్యలే తమ్మీ." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఓడిన రోజు కూడా ఏడవని సోమన్న కళ్లు తుడుచుకున్నాడు. "ఇంక ఐదేండ్లున్నయి అక్కా. రేపు పొద్దుగాల ఊరికొస్తున్న. మొదలు నీ ఇంటికే వచ్చి ఓటు అడుగుత."

"అడుగు. కని తూము కాడ మమ్ముల జర సూడాలె."

"సూస్తనక్కా" అన్నాడు. "మన వంతు వచ్చినప్పుడు."