వరహాలమ్మ గాజులు

రెండో పెళ్ళివాణ్ణి చేసుకుంటున్నావు, పోయినావిడ పేరున సవతి బిళ్ళ మెడలో వేసుకోవాలి అని మా అమ్మ చెప్పింది. సవతి చేప కూడా ఉంటుందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

మా ఆయన సత్తిరాజు రాయ్‌పూర్‌లో రైలు వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టరు. నేను ఆ వర్క్‌షాపువాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీ క్వార్టర్లో అడుగుపెట్టేసరికి పెరట్లో పెద్ద సిమెంటు తొట్టి, అందులో మూరెడు జపాను చేప. తెల్లని ఒళ్ళు, నెత్తిన ఎర్రమచ్చ. కలకత్తా నుంచి వేలెడు పిల్లగా తెప్పించి, పద్నాలుగేళ్ళు పెంచి, నిరుడు కన్నుమూసింది ఆయన మొదటి భార్య వరహాలమ్మ. ఈ జాతి యాభై ఏళ్ళయినా బతుకుతుందట. ఆ మాట విన్నరోజు నాకు అన్నం సయించలేదు.

పోయినావిడతో నాకు పేచీ లేదు. కొత్త చీర కట్టేముందు బిళ్ళకు చూపించాను, పువ్వులు పెట్టుకునేముందు బిళ్ళకు తాకించాను. నాకు కావలసింది ఒక్కటే, ఆయన నన్ను పేరు పెట్టి పిలవాలి. పెళ్ళయి ఆరు నెలలైనా "ఇదిగో", "ఇటు సూడు", అంతే. అప్పలనరసమ్మ అన్నది నోరు తిరగని పేరా?

అంతవరకూ ఆయన పెడితే తినే చేప, ఎండలు ముదిరాక తిండి మానేసింది. మరమరాలు వేశాను, గోధుమపిండి ఉండలు వేశాను. అడుగున పడుకుని రెప్పలేని కళ్ళతో నన్నే చూసేది. తొమ్మిది రోజులు! ఆయన కూడా కంచంలో రెండు ముద్దలు కెలికి లేచిపోయేవాడు.

పదోరోజు తొట్టి దగ్గర నిలబడి, "గట్టు మీద గాజులు కొట్టేది. ఆ సప్పుడు ఇంటే సాలు, తురంత్ ఈ సేప పైకొచ్చీసేది" అన్నాడు. నాతో కాదు, నీళ్ళతో.

మర్నాడు ఆయన డ్యూటీకి వెళ్ళాక ట్రంకుపెట్టె తీశాను. ఆవిడ ఎర్రగాజులు అరడజను. నాకు చిన్నవి. సబ్బు రాసి, చెయ్యి నలిగిపోతున్నా ఎక్కించాను. చేప తింటే ఆయన తింటాడు, ఆయన తింటే నావైపు చూస్తాడు.

గట్టు మీద గాజులు కొట్టాను. ఎర్రమచ్చ పైకి లేచింది. తిన్నగా నా చేతికిందకే వచ్చి, గాజులకు మూతి ఆనించి, అరచేతిలో మరమరాలు తింది. నాకు సంతోషం వెయ్యలేదు, భయం వేసింది.

గాజులు తీసెయ్యబోయాను. రాలేదు. సబ్బు, నూనె ఏదీ పనిచెయ్యలేదు. మణికట్టు వాచింది. పగలగొడదామని రాయి కూడా తీశాను. మొగుడు బతికుండగా నా చేతులతో నేనే గాజులు పగలగొట్టుకోవడమా? రాయి కింద పెట్టేశాను.

సాయంత్రం సైకిల్ ఆగింది. ఎండకు తాళలేక ఆయన ముందుగదిలోనే కూలబడ్డాడు. నేను పెరట్లో చేపకు ఇంకో గుప్పెడు వేస్తున్నాను. గాజులు గట్టుకు తగిలాయి.

లోపల మంచం కిర్రుమంది. ఆ తర్వాత, ఆరు నెలల్లో నేనెన్నడూ వినని మెత్తని గొంతు.

"వరహాలూ! ఆకలేస్తంది. అన్నం ఎట్టీయే."

నా పేరు చెబుదామని నోరు తెరిచాను. చేప తినడం ఆపి నావైపు చూసింది.

"వస్తన్నానండీ" అన్నాను.