రెండు ముడుల తాడు

భర్త పనిసంచిలో సమ్మమ్మ ముందు పానాలు పెట్టింది. తరువాత సుత్తి, నూనె గుడ్డ, టిఫిన్ డబ్బా, నాలుక కింద పెట్టుకునే మాత్రల సీసా. అడుగున, జానెడు ఎడంలో రెండు ముడులు వేసిన నూలు తాడు ఉంది. నూనె తాగి నల్లబడింది. పెరట్లో ముఖం కడుక్కుంటున్న భర్త వైపు ఒకసారి చూసి, తాడును తీసి కందిపప్పు డబ్బాలో దాచింది.

తాడు లేకపోతే పని సాగదు. సాగకపోతే మధ్యాహ్నం బస్సుకే ఇంటికొస్తాడు. ఆమె ఆలోచన అంతే.

"ఇయ్యాల పోకుంటె ఏమైతది? బరువు ముట్టద్దన్నడు గద డాక్టరు."

"నేనేం మోస్తనే? తాడు పెట్టి కొలుస్త, చక్రాల పండ్లు కలుపుత, ఒక్కపారి హ్యాండిల్ తిప్పుత." కట్టయ్య సంచి భుజానికి తగిలించుకున్నాడు. "సోమారం ఒక్కపొద్దున్నవు. చుక్క పొడిచేసరికి వస్త. జర ఆగు, ఇద్దరం తిందం."

అరవై ఎనిమిదేళ్లు. కాస్త వంగిన నడుము, ఎడమచేతి ఉంగరపు వేలు సగమే. శివనగర్‌లోని ఆ వీధిలో అతని పేరు తెలిసినవాళ్లు తక్కువ. అందరికీ మెకానిక్ ముసలాయనే. పరకాల బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎప్పటిలాగే కింద నుంచి వచ్చే ఇంజన్ చప్పుడు వింటూ వెళ్లాడు.

అతను బాగుచేసే పరకాల రైస్ మిల్లు ఇంజన్ వేరు. మామూలు వాటికి సిలిండర్‌కు ఒక పిస్టన్, పైన మూత. దీనికి మూత లేదు. అడ్డంగా పడుకున్న ఒకే సిలిండర్లో రెండు పిస్టన్లు ఎదురెదురుగా వచ్చి, దాదాపు తాకబోయి, విడిపోతాయి. మంట ఆ సందులోనే. పొగ పోయే వైపు పిస్టన్ రెండోదానికంటే కొంచెం ముందు నడవాలి. ఎంత ముందన్నది ఆ తాడే చెప్పాలి: చక్రం అంచు మీద ముడి నుంచి ముడి దాకా. ముప్పై ఎనిమిదేళ్ల కింద మొదటిసారి విప్పే ముందు కొలిచి వేసిన ముడులవి. ఇనుము మీద గుర్తు ఎన్నడూ పెట్టలేదు. గుర్తుంటే ఇంకొకర్ని పిలుస్తారని భయం.

పోయిన వారం బేరింగులు మార్చడానికి పళ్లచక్రాలు తనే విప్పాడు. ఈ రోజు బిగించాలి.

"కాకా, ఇయ్యాల నడిస్తె ఇంజన్ను గుర్తుగ మిల్లు ముందటనే ఉంచుత. లేకుంటె రేపు పొద్దుగాల లారీ అస్తది, పాత సామాన్లకు పోతది" అన్నాడు మిల్లు యజమాని రమాకాంత్.

కట్టయ్య సంచి బోర్లించాడు. రెండుసార్లు దులిపాడు. ఇంటికి ఫోన్ చేశాడు.

"తాడు లేదే సంచిల. ఇంట్ల వడ్డదా?"

అవతల సమ్మమ్మ కందిపప్పు డబ్బాను వెనక్కి జరిపింది.

"నాకెర్క లేదు. దొరక్కుంటె వచ్చెయ్."

"వస్తెట్ల? రేపు లారీ ఎక్కిస్తరు దాన్ని."

ఒకప్పుడు ఆ ముడుల మధ్య దూరం సరిగ్గా అతని జానెడు. చక్రం మీద చెయ్యి చాచాడు. వంకరపోయిన వేళ్లు ఇప్పుడు అంత దూరం పోవు. అంచనాగా కలిపి, హ్యాండిల్ వేసి తిప్పాడు. నల్లగా పొగ దగ్గి ఆగింది. విప్పి, ఒక పన్ను జరిపి, మళ్లీ తిప్పాడు. హ్యాండిల్ వెనక్కి తన్నింది.

"ఇడిసిపెట్టు కాకా. మొకం చూస్కో, ఎట్లయిందో!"

"నువ్వు చాయ్ తాగిరా పో సేటూ. పొద్దింక గూకలే."

నాలుగు దాటాక, తొమ్మిదోసారి, అందుకుంది. ముందు విడివిడిగా, తరువాత ఒకే చప్పుడుగా. కిటికీ రేకులు అదిరాయి. కట్టయ్య చేయెత్తి రమాకాంత్‌కు చూపించి, తవుడు బస్తా మీద కూర్చుని గోడకు తల ఆనించాడు. ముసలాయన వింటున్నాడనుకుని రమాకాంత్ పలకరించలేదు. డీజిల్ అయిపోయి ఇంజన్ ఆగాక కూడా అతను లేవలేదు. మాత్రల సీసా మూత తీయకుండానే సంచిలో ఉంది.

శివనగర్‌లో చుక్క పొడిచింది. సమ్మమ్మ పప్పు వండలేదు. డబ్బా మూత తీయడానికి చెయ్యి రాలేదు.

రమాకాంత్ మాట తప్పలేదు. ఇంజన్ మిల్లు ముందే ఉంది. దాన్ని మళ్లీ ఎవరూ నడపలేదు. తాడు సంగతి సమ్మమ్మ ఎవరికీ చెప్పలేదు. ఆ డబ్బాలో ఇప్పుడు పప్పు లేదు, రెండు ముడుల నల్లటి తాడొక్కటే ఉంది. కట్టయ్య 2022 నవంబర్ 14, సోమవారం పొద్దున ఏడింటికి వెళ్లాడు; తిరిగి రాలేదు.