రెండుసార్లు లేచేవాడి మాత్ర

ఇరవై రెండేళ్లుగా సిటీ బస్సు నడుపుతున్నాను. ఒక్క సైకిల్ మీద గీత కూడా పడనివ్వలేదు. అలాంటిది పది రోజులుగా బ్రేకు ఎక్కడుందో నా కాలు వెతుక్కుంటోందంటే ఎవరితో చెప్పుకోను?

మొదట సీటు మీద అనుమానపడ్డాను. తర్వాత కళ్లద్దాల మీద. ఆ తర్వాత మా ఆవిడ వంట మీద. నోరు ఊరుకోక ఆ మాట పైకి అనేశాను కూడా.

"అదే తిండి నేనూ తింటున్నానుగా! నాకేం కాలేదే?" అంది గరిటె చూపిస్తూ.

నిజమే. మరి నాకే ఎందుకిలా? లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి, కూర్చుంటే నిద్ర ముంచుకొస్తోంది, చేతులు చల్లబడుతున్నాయి. గుండెదడకి డాక్టరుగారు ఇచ్చిన మాత్ర ఒక్కపూట కూడా తప్పలేదు. "నిద్ర లేవగానే ఒకటి" అన్నారాయన. లేవగానే ఒకటి వేసుకుంటున్నాను.

"అన్నా, నువ్వేంటి ఇంత మంచోడివైపోయావు? హారన్ కొట్టవు, ఎవర్నీ తిట్టవు" అన్నాడు మా కండక్టరు. రోజూ ముందు సీట్లో కూర్చునే టీచరమ్మ కూడా నిన్న మార్కెట్ స్టాపులో దిగుతూ మెచ్చుకుంది. "ఈమధ్య బండి ఉయ్యాలలా పోతోంది బాబూ!" నేను పొంగిపోయాను.

ఇవాళ మాత్రలు అయిపోయాయి. సాయంత్రం డ్యూటీకి పోతూ మందుల షాపులో ఆగాను. షాపమ్మాయి చీటీ చూసింది, నన్ను చూసింది, మళ్లీ చీటీ చూసింది.

"బాబాయ్, ఇవి ముప్పై మాత్రలు. కొని పదిహేను రోజులేగా అయింది. మిగతావి ఏమయ్యాయి?"

"ఏమవుతాయమ్మా? మింగాను. లేవగానే ఒకటి."

"రోజుకి ఎన్నిసార్లు లేస్తారేంటి?"

ఇదేం ప్రశ్న! "రెండుసార్లు. తెల్లవారుజామున నాలుగింటికి ఒకసారి. పొద్దుటి డ్యూటీ దిగి, తిని పడుకుని, మధ్యాహ్నం మూడింటికి ఇంకోసారి..." చెబుతుంటే నా గొంతు నాకే తేడాగా వినిపించింది.

"రోజుకి ఒక్కటే బాబాయ్! ఇది బీటా బ్లాకర్. ఎక్కువైతే గుండె మరీ నెమ్మదిస్తుంది."

"అయితే ఈ పాడు మాత్ర ఇక ముట్టనే ముట్టను!"

"అయ్యో, ఉన్నట్టుండి మానేస్తే ఇంకా ప్రమాదం" అంటూ ఆ అమ్మాయి డాక్టరుగారికి ఫోన్ కలిపి నా చేతికిచ్చింది.

ఎక్కువైతే తప్పు, మానేసినా తప్పు. నాకంతా అయోమయంగా ఉంది. గడియారం చూసి రోజూ ఒకే వేళకి ఒకటే వేసుకోవాలన్నారు డాక్టరుగారు. మర్చిపోతే మర్నాడు రెండూ కలిపి మింగకూడదట. ఇప్పుడే వచ్చి చూపించుకోమన్నారు, స్టీరింగ్ జోలికి పోవద్దన్నారు.

"నాలుగింటికి బండి తీయాలి సార్. యాభై మంది ఎక్కుతారు."

"అందుకే వద్దంటున్నా. దారిలో ఎప్పుడైనా మగతగా అనిపించిందా?"

లేదని చెప్పబోయి ఆగాను. నిన్నటి ట్రిప్పు గుర్తు చేసుకున్నాను. ఆస్పత్రి స్టాపు గుర్తుంది. మార్కెట్ స్టాపులో టీచరమ్మ మెచ్చుకోవడం గుర్తుంది. ఆ రెంటికీ మధ్య నాలుగు స్టాపులున్నాయి. ఎక్కడ ఆపానో, ఎవరు ఎక్కారో, ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. ఆ మాటే డాక్టరుగారికి చెప్పి, వస్తున్నానని ఫోన్ పెట్టేశాను.

డిపోకి ఫోన్ చేసి, ఇవాళ నాకు బండి ఇవ్వొద్దని చెప్పాను. ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ నా నోట రాని మాట విని కంట్రోలరు కంగారుపడ్డాడు.

"ఏమైంది గురూ? ఏమైనా పోగొట్టుకున్నావా?"

"నాలుగు స్టాపులు" అన్నాను.