పెళ్లిరోజు పాస్‌వర్డ్

ఆఫీసులో ఆయన్ని వాపసుగారు అంటారు. ఎదుట అనరు, లిఫ్టు తలుపులు మూసుకున్నాక అంటారు. బీమా కంపెనీలో క్లెయిము కాగితాలు తనిఖీ చేసే అధికారి ఆయన. తేదీలో ఒక్క అంకె అటూ ఇటూ అయిందా, ఫైలు వచ్చిన దారినే వెనక్కి పోవాల్సిందే. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి ఎదురుగా కూర్చుని కళ్లు ఒత్తుకుంటున్నా సరే, "తేదీ సరిచూసుకుని రండమ్మా" అని ఎర్ర సిరా పెన్నుకు మూత పెట్టేస్తాడు. తేదీల విషయంలో తనకున్న జ్ఞాపకశక్తి ఇంకెవరికీ లేదని ఆయనకు గట్టి నమ్మకం. పాపం, ఆ నమ్మకాన్ని ఇంతవరకూ ఎవరూ తనిఖీ చేయలేదు.

ఆ రోజు పొద్దున్నే టీవీలో వార్తలు చదివే అమ్మాయి నోరు తెరిచి అలాగే బిగుసుకుపోయింది. వాపసుగారికి ఒళ్లు మండింది. ఫోన్ తీసి తమ వైఫైకి ఎవరెవరు తగులుకున్నారో చూశాడు. అందులో తెలియని ఫోన్ ఒకటి కనపడింది.

"ఎవడే వీడు, మన నెట్ తాగేస్తున్నాడు?"

"కింది వాటా పంటి డాక్టరుగారండీ. కొత్త కనెక్షన్ వచ్చేదాకా వాడుకోమని నేనే ఇచ్చాను. అత్తయ్య కట్టుడు పళ్లు ఊరికే సరిచేసి ఇచ్చారు కదా" అంది భార్య.

"పళ్లు బిగించాడని ఇంటి తాళాలు ఇచ్చేస్తామా?"

"ఇవాళ్టికి దాన్ని కదపకండి. మధ్యాహ్నం ఆన్‌లైన్ బడి వాళ్లకి నేను పాఠం చెప్పి చూపించాలి. నిన్న కూడా చెప్పాను."

నిన్న చెప్పినప్పుడు ఆయన "ఊఁ" అన్నాడు. ఇప్పుడూ "ఊఁ" అన్నాడు. పెళ్లికి ముందు ఆవిడ లెక్కల టీచరు. ఆయన బదిలీల వెంట ఊళ్లు తిరిగి తిరిగి ఆ ఉద్యోగం ఎక్కడో జారిపోయింది. ఇన్నేళ్లకు ఒక బడి పిలిచింది. నచ్చితే ఉద్యోగం, నచ్చకపోతే మళ్లీ వంటిల్లే. ఆ సంగతి ఆయన చెవిదాకా వెళ్లింది గాని లోపలికి మాత్రం వెళ్లలేదు.

చెప్పులు వేసుకుంటూనే పాస్‌వర్డ్ మార్చేశాడు. "మన పెళ్లిరోజు పెట్టాను. తేదీ, నెల, సంవత్సరం. మర్చిపోవడానికి వీల్లేనిది. ఎవరికీ చెప్పకు" అని గుమ్మం దిగాడు. దిగుతూ దిగుతూ డాక్టరు తలుపు వైపు చూసి మీసం కింద నవ్వుకున్నాడు.

మధ్యాహ్నం భోజనం వేళ ఫోన్ మోగింది.

"కలవట్లేదండీ."

"సున్నాలు వదిలేసి ఉంటావు."

"అన్నీ పెట్టాను. ఆ అంకెలేవో ఒక్కసారి చదవండి."

"పాస్‌వర్డ్ ఫోన్లో చెప్పకూడదు. అది నియమం. సరిగ్గా చూసి కొట్టు" అని పెట్టేశాడు. పక్క బల్ల గుమాస్తాతో, "తేదీ కొట్టడం కూడా రాదయ్యా జనానికి" అని నిట్టూర్చాడు కూడా.

రెండోసారి మోగితే ఎత్తి, "కంగారు పడితే ఇలాగే తప్పులొస్తాయి" అన్నాడు. అవతల ఆవిడ వంటింటి కిటికీకి అతుక్కుని మాట్లాడుతోంది. ఆ ఇంట్లో ఫోన్‌కి సిగ్నల్ అందేది అక్కడొక్కచోటే. మూడోసారి ఆయన ఎత్తలేదు. ఫైళ్లున్నాయి మరి, ఎవరివో తేదీలు తప్పాయి.

సాయంత్రం ఉపన్యాసం సిద్ధం చేసుకుని ఇంటికొచ్చాడు. హాల్లో తల్లి ఒక్కతే బఠాణీలు ఒలుస్తోంది.

"నీ కోడలేది?"

"కింద డాక్టరు దగ్గర. నెట్ పోయేసరికి ఆయన కంపెనీవాళ్ల వెంటపడి కనెక్షన్ పెట్టించుకున్నాట్ట. పళ్లు పీకే కుర్చీలో కూర్చుని త్రిభుజాలు చెప్పొచ్చింది నీ పెళ్లాం. ఆలస్యమైందని మొదట వాళ్లు కసిరారట. తర్వాత పాఠం విని ఉద్యోగం ఇచ్చేశారట. ఆ సంబరం చెప్పడానికి మళ్లీ కిందికెళ్లింది."

అంతలో ఆవిడ వచ్చింది. శుభవార్త విన్న మొగుడు ఏమనాలో అది అనలేదాయన. "ఏదీ, నీ కంప్యూటర్ ఇలా తే. తేదీ ఎలా కొట్టాలో చూపిస్తాను" అన్నాడు. బడిపిల్లకు చూపించినట్టు ఒక్కొక్క అంకే పైకి చదువుతూ కొట్టాడు. ఠక్కున కలిసింది.

"చూశావా?"

ఆవిడ చూసింది. తెరనీ చూసింది, ఆయన మొహాన్నీ చూసింది. బఠాణీల పళ్లెం పక్కన పెట్టి తల్లే అంది. "ఒరేయ్, అది నడివేసవిలో నువ్వు స్కూటర్ కొన్న రోజురా. కొన్న పూటే మలుపులో గోడకి గుద్దావు. మీ పెళ్లికి మండుటెండ ఎక్కడ? వాన కదరా, పందిరి కూలిపోలా?"

వాపసుగారి చెవులు ఎర్రబడ్డాయి. "అదే... కాస్త దగ్గర దగ్గరగా..." అని నసిగాడు.

"మధ్యాహ్నం ఎన్నిసార్లు కొట్టి చూశానో తెలుసాండీ?" అంది ఆవిడ. "మన పెళ్లిరోజు నేనే తప్పు గుర్తుపెట్టుకున్నానేమో అని భయపడ్డాను. ఏడ్చాను కూడా." అని కంప్యూటర్ తన వైపు తిప్పుకుని, ఏదో మార్చి మూసేసింది.

ఆయన ఫోన్లో నెట్ పోయింది. పై అధికారికి నివేదిక ఇవాళే పంపాలి.

"ఏం పెట్టావు?"

"మన పెళ్లిరోజే. మర్చిపోవడానికి వీల్లేనిది."

సోఫా చివర కూర్చుని ఒక తేదీ కొట్టాడు, కలవలేదు. నెల మార్చాడు, సంవత్సరం మార్చాడు. తల్లి తల ఎత్తకుండానే, "ఒక్క అంకె తప్పినా వాపసేనా?" అంది.

చేసేది లేక కిందికి దిగి డాక్టరు తలుపు కొట్టాడు. నెట్ అడగడానికి మొహం చెల్లక కాసేపు వాతావరణం గురించి మాట్లాడి, చివరికి సంగతి కక్కాడు. డాక్టరు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "మీ పెళ్లిరోజా? నాకు కంఠతా వచ్చేసిందండీ" అన్నాడు. "మధ్యాహ్నం మా కనెక్షన్ పెట్టేలోగా మీ ఆవిడ మెట్ల మీద కూర్చుని ఆ అంకెలే మళ్లీ మళ్లీ కొట్టారు, పైకి చదువుకుంటూ. మా కాంపౌండరుకి కూడా వచ్చేసింది."

"అయితే చెప్పండి."

"ఎవరికీ చెప్పొద్దన్నారు మీ ఆవిడ. నియమమట."

వాపసుగారు బరువుగా మెట్లెక్కాడు. ఆవిడ బల్ల ముందు రేపటి పాఠం రాసుకుంటోంది. ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. ఆఫీసులో అయితే క్లెయిము అడగవచ్చినవాళ్లు కూర్చునే వైపు అది. సిగ్గుపడుతూనే, "మన పెళ్లి ఎప్పుడయిందే?" అని అడిగాడు.

ఆవిడ గీత గీయడం పూర్తి చేసి, పెన్నుకు మూత పెట్టింది.

"సరిచూసుకుని రండి" అంది.