కొట్టేసిన వాక్యం

నేను ఒక ప్రణాళికని. నలభై పేజీలు, నీలం అట్ట, మొదటి పేజీలో డైరెక్టరు సంతకం. ఆడవాళ్లకూ మగవాళ్లకూ సమాన అవకాశాలిస్తామని సంస్థ రాసిచ్చే హామీని. యూరప్‌లో నాలాంటిది లేకపోతే పరిశోధనకు యూరోపియన్ యూనియన్ నిధులు రావు. అందుకే దరఖాస్తుల కాలంలో నా మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది.

నన్ను రాసింది నీలవేణి. కాకినాడ నుంచి బెల్జియం వచ్చి ఎముకల కణాల మీద పనిచేస్తున్న శాస్త్రవేత్త. ఆడవాళ్ల ఇబ్బందులు ఆడవాళ్లకే తెలుస్తాయంటూ డైరెక్టరు యోరిస్ ఈ పని ఆమెకు అంటగట్టాడు. మైక్రోస్కోపు పక్కనపెట్టి ఆమె రెండేళ్లు గదిగదికీ తిరిగింది. కాన్పు తర్వాత వెనకబడిపోయినవాళ్ల గోడు విని రాసుకుంది. ఆ రెండేళ్లలో ఆమె పేరుతో ఒక్క పరిశోధనా వ్యాసమూ రాలేదు.

అందుకే పదకొండో పేజీలో ఒక వాక్యం పెట్టుకుంది: ఇలాంటి పనికి పట్టిన కాలాన్ని ఉద్యోగాల ఎంపికలో పరిశోధనతో సమానంగా చూడాలి.

గడువు రోజు పొద్దున యోరిస్ కలం అక్కడే ఆగింది. దీనికి పాలకమండలి ఒప్పుకోవాలి, ఇవాళ్టికి తెమలదు, నీ సంగతి నేను చూసుకోనా అన్నాడు. ఆమె నమ్మింది. తన చేత్తోనే ఆ వాక్యం కొట్టేసింది. నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మాను. నిధులొచ్చాయి.

ఏడాది తిరక్కుండానే ఆమె ఉద్యోగం పర్మనెంటు చేసే ఇంటర్వ్యూ జరిగింది. బల్ల మీద నేనూ ఉన్నాను. కమిటీలో సగం మంది ఆడవాళ్లే, నా ఏడో పేజీలో ఉన్నట్టే. రెండేళ్లు ఏం చేశావని అడిగారు. ఆమె నన్ను చూపించింది. అందరూ యోరిస్ వైపు చూశారు. ఆయన నన్ను తాపీగా తిరగేశాడు.

"ఆ కాలాన్ని లెక్కలోకి తీసుకోమని ఇందులో ఎక్కడా లేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె గొంతు కోయడానికి నన్నే వాడుకున్నాడు. ఉద్యోగం ఇంకొకరికి వెళ్లింది.

ఆఖరి రోజు నీలవేణి వాళ్లక్కకు ఫోన్ చేసింది. "వాళ్లు కాదక్కా, ఆ వాక్యం నేనే కొట్టేశాను" అంది. తర్వాత నన్ను తెరిచి, పదకొండో పేజీ అంచున అదే వాక్యాన్ని తెలుగులో రాసి వెళ్లిపోయింది.

ఇప్పుడు నా మకాం రిసెప్షన్‌లో అద్దాల బీరువా. అతిథులొస్తే బయటికి తీసి చూపిస్తారు. మొన్నొకావిడ ఆ గుండ్రటి అక్షరాలేమిటని అడిగింది.

"మా నీలవేణి రాసింది. వెళ్తూ మాకు శుభాకాంక్షలు చెప్పింది" అన్నాడు యోరిస్, ఆప్యాయంగా.

ఆవిడ ముచ్చటపడి ఫొటో తీసుకుంది.